రెండున్నర గంటల జెండా

హాఫ్ మారథాన్‌లో పేసర్‌కు ఒక్కటే పని. చేతిలో జెండా పట్టుకుని, దాని మీద రాసిన సమయానికి గమ్యం చేరాలి. ఆ సమయానికి చేరాలనుకునేవాళ్లు జెండానే చూస్తూ వెనక వస్తారు. అందుకని పేసర్ మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో పోవాలి. పోయినసారి నాకు రెండున్నర గంటల జెండా ఇచ్చారు. రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునే నన్ను నమ్మి అంతమంది వెంట వస్తారంటే ఎంత ఉబ్బిపోయానో.

టోవా పాయోలో మా కింది అంతస్తు ఆంటీ కూడా నా వెంటే వస్తానన్నారు. వాళ్లది తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చి ఈ దేశంలో స్థిరపడ్డ కుటుంబం, వాళ్ల తెలుగులో తమిళం కలుస్తుంది. యాభై దాటాక ఆమె పరుగు మొదలుపెట్టారు. అంకుల్‌కు ఆమె మోకాళ్ల మీద బెంగ. చాలా వాదించుకున్నాక ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. రెండున్నర గంటల్లో పూర్తి చేస్తే ఆయన మళ్లీ నోరెత్తరు, చేయలేకపోతే ఆమె పరుగు మానేస్తారు. ఈ సంగతి ఆంటీ లిఫ్ట్‌లో నవ్వుతూ చెప్పారు. నేనున్నానుగా అని మహా ధీమాగా హామీ ఇచ్చాను.

తెల్లవారకముందే పరుగు మొదలైంది. వాన కురిసి వెలిసింది, ఒళ్లు తేలిగ్గా ఉంది. దారి మా ఆఫీసు పక్క నుంచే పోతుంది. అక్కడ మా డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడతారని నాకు ముందే తెలుసు. వాళ్ల ఎదుట ఈసురోమంటూ పోవడమా? కాళ్లు వాటంతటవే ఊపందుకున్నాయి. అబద్ధం, నేనే ఊపు పెంచాను. ఫొటోలు అయిపోయాక కూడా చాలాసేపు తగ్గలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆంటీ ముఖమంతా చెమటతో, జెండా మీదే చూపు నిలిపి వస్తున్నారు. బొటనవేలు ఎత్తి చూపించారు. నేనూ చూపించాను.

తంజోంగ్ పగార్ దాటాక తెలివొచ్చి వేగం బాగా తగ్గించాను. సగటు సరిపోతుందని నా లెక్క. సగటైతే సరిపోయింది గానీ, మొదట్లోనే సత్తువంతా ఖర్చుపెట్టినవాళ్లకు అది తిరిగి రాలేదు. ఒక్కొక్కరే వెనకబడ్డారు. మంచినీళ్ల బల్ల దగ్గర ఆంటీ తొడ పట్టుకుని వంగిపోయారు. ఆగుదామనుకున్నాను. కానీ పేసర్ ఆగకూడదు. పొమ్మని ఆమే చెయ్యి ఊపారు. పోయాను.

సరిగ్గా సమయానికి చేరాను. నిర్వాహకులు భుజం తట్టారు. నా వెనక మాత్రం పట్టుమని పదిమంది లేరు. ఆంటీ చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చారు.

"ఏం చేసేది తంబీ, నాకే దమ్ము చాల్లేదు," అన్నారు.

అంకుల్ గెలిచిన మనిషిలా లేరు. దిగాలుగా ఆమె నీళ్ల సీసా మూత తీస్తున్నారు. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా ఫొటోకు నవ్వాను.

ఆంటీ మాట తప్పే మనిషి కాదు. ఆ తర్వాత ఏ పొద్దునా ఆమె పరుగుకు బయల్దేరడం నేను చూడలేదు. మొన్న ఆదివారం మా బ్లాక్ కింద కాఫీ షాపులో ఒక్కరే కూర్చుని కనిపించారు. ఎదురుగా కూర్చుని మొత్తం కక్కేశాను. ఫొటోల మోజులో మొదట్లో అందర్నీ వేగంగా లాక్కెళ్లింది నేనేనని, ఆమె దమ్ములో ఏ లోపమూ లేదని, అంకుల్‌కు కూడా నేనే చెబుతానని అన్నాను. తిడతారేమోనని చూశాను. తిడితే బాగుండేది.

ఆమె కప్పు కింద పెట్టారు.

"తెలుసు తంబీ. రొంబ స్పీడుగా పోతున్నామని నా వాచీలో చూస్తూనే ఉన్నా. వాచీయే పాడైందేమో అనుకున్నా. జెండా నీ చేతిలో ఉంది కదా."