కిరాయి ఇంటి మూడు ఓట్లు

బాలానగర్‌లో మేము మొదట కిరాయికి ఉన్న ఇంటికి రెండు గదులు, ముందు రేకుల వసారా. మా నాన్న దగ్గర్లోని కార్ఖానాలో స్టోర్స్ గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొత్తలో మాకు ఇల్లిచ్చిన ఆవిడ బాలానగర్ మనిషే. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. నేను ఆమెను పెద్దమ్మ అనేదాన్ని. ఆ కొడుకు నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. మా అమ్మ వేసే పెసరట్లలో మొదటిది అతనికే వెళ్లేది, దాని మీద నాకు చాలా కోపంగా ఉండేది.

అరవైల చివర గొడవలు మొదలయ్యాయి. అక్కడివాళ్ల ఉద్యోగాలు బయటివాళ్లు తన్నుకుపోతున్నారన్నది మాట. అందులో నిజం లేదని నేను అనను. మా నాన్నతోపాటు ఆ కార్ఖానాలో చేరిన గుమాస్తాల్లో బాలానగర్ వాళ్లు లేరు. ఆ బాధ నిజమైనదే. దాన్ని భుజాన వేసుకుని ఊరేగిన మా బస్తీ నాయకుడే వేరే రకం.

ఆయన జీపుకు మైకు కట్టుకుని తిరిగేవాడు. ఎవరి ఇంట్లో ఏ జిల్లావాళ్లు కిరాయికి ఉన్నారో లిస్టు తన దగ్గర ఉందనేవాడు. ఆయన సొంత మేడలో కిరాయికి ఉన్నది మా జిల్లావాళ్లేనని బస్తీ అంతటికీ తెలుసు. వాళ్ల పేర్లు ఆ లిస్టులో ఉన్నాయో లేదో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు పొద్దున పెద్దమ్మ వసారాలోకి వచ్చి కూర్చోకుండా నిలబడింది.

"చెల్లె, జర ఏమనుకోకు. ఇల్లు ఖాళీ జెయ్యుండ్రి. పోరనికి కార్ఖానల నౌకరి ఇప్పిస్త అంటున్నడాయన. మీరుంటె ఇయ్యడట" అంది మా అమ్మతో.

అమ్మ ఏడ్చింది. నాన్న రెండు గల్లీల అవతల ఇంకో ఇల్లు చూసి, మూడో రోజుకు సామాను మోయించాడు. ఆ తర్వాత పెద్దమ్మ ఎదురుపడితే నేను తల తిప్పుకునేదాన్ని. ఏడేళ్లు కలిసి ఉన్నాం, ఏడు మాటల్లో వెళ్లగొట్టింది అనుకునేదాన్ని. ఆ కోపాన్ని నేను చాలా శ్రద్ధగా పెంచుకున్నాను.

తర్వాతి ఎన్నికల్లో జీపు ఆయన గెలిచాడు. ఆ రోజు అమ్మా నాన్నా భయపడి ఓటుకే వెళ్లలేదు. గెలిచాక ఆయన తన బావమరిదికీ, బావమరిది తమ్ముడికీ నౌకరీలు ఇప్పించుకున్నాడు. పెద్దమ్మ కొడుకు మాత్రం ఆయన వెనకాల జెండాలు కడుతూ, కుర్చీలు వేస్తూ తిరిగాడు. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అంటూ ఆరేళ్లు గడిచాయి. అతనికి ముప్ఫై దగ్గరపడ్డాయి. పిల్లనిచ్చేవాళ్లు లేరని అక్కడా ఇక్కడా వినేదాన్ని. బాగా అయింది అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఏడాది ఆలస్యంగా మళ్లీ ఎన్నికలొచ్చాయి. జీపు మళ్లీ వచ్చింది, మైకు మళ్లీ అవే మాటలు మాట్లాడింది. అయితే ఈసారి ఆయనకే నమ్మకం తగ్గినట్టుంది. తన మనుషులను ఇంటింటికీ పంపి ఒట్లు పెట్టించుకున్నాడు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, నీకే వేస్తామని చెప్పాలి. మా గల్లీకి మాత్రం ఎవరూ రాలేదు. మా ఒట్లతో వాళ్లకు పని లేదు. మా ఓట్లు పడకుండా చూసుకోవడమే వాళ్ల పని.

దానికి వాళ్లకు దారి చూపింది మా నాన్నే. ఇల్లు మారినా మా రేషన్ కార్డు మారలేదు. కార్డు మార్పిస్తే పంచదార ఎక్కడ ఆగిపోతుందోనని నాన్నకు బెంగ. ఓటర్ల లిస్టు రాసేవాళ్లు వచ్చినప్పుడు ఆ కార్డే తీసి చూపించాడు. దాంతో నాన్న, అమ్మ, కొత్తగా ఇరవై ఒకటి నిండిన నేను, ముగ్గురం పెద్దమ్మ ఇంటి నంబరు కిందే లిస్టుకెక్కాం.

బడిలో పోలింగు. మగవాళ్ల వరస ఒకవైపు, ఆడవాళ్ల వరస ఒకవైపు. నాన్న లోపలికి వెళ్లి పేరు చెప్పాడు. ఏజెంట్ల బల్ల దగ్గర, జీపు ఆయన తరఫున పెద్దమ్మ కొడుకు కూర్చుని ఉన్నాడు. లేచి, రెండు రూపాయలు బల్ల మీద పెట్టి, ఈ మనిషి లిస్టులో ఉన్న మనిషి కాదన్నాడు. అలా డబ్బు కట్టి ఎవరి ఓటునైనా అడ్డుకోవచ్చునని నాకు అప్పుడే తెలిసింది. అధికారి అక్కడికక్కడే విచారించి తేల్చాలట.

"ఈయన మీకు తెలియదా?" అని అడిగాడు అధికారి.

"తెల్వదు. గా నంబరింట్ల ఉండేది మేము. గీయన లేడు" అన్నాడు, గోడకేసి చూస్తూ.

మొదటి పెసరట్టు గుర్తొచ్చి నా ఒళ్లు మండిపోయింది. నాన్న మాత్రం "నేనేనండి, నేనేనండి" అని రెండుసార్లు అన్నాడు, అంతే. కార్ఖానా కాగితమైనా చూపిద్దామంటే జేబులో లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్లిపోదామే, మనకెందుకొచ్చిన గొడవ" అంది. నాన్న తర్వాత మా వంతే.

అధికారి గుమ్మం దాకా వచ్చాడు. "ఈయన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

వరసలో సగం మందికి నాన్న తెలుసు. పాలు పోసే ఆయన ఉన్నాడు, బట్టలు కుట్టే ఆయన ఉన్నాడు. అందరికీ ఒక్కసారిగా నేల మీద ఏదో కనిపించింది. వాళ్లను తప్పుపట్టలేను. ఆ లిస్టు ఇంకా ఎవరి జేబులోనో ఉందనే భయం అది.

అప్పుడు నా వెనక నాలుగో మనిషి ముందుకొచ్చింది. పెద్దమ్మ. నేను తల తిప్పుకునే ఉన్నాను గనక, ఆమె వరసలో ఉన్న సంగతే చూడలేదు.

"నాకెర్కే. గీ సారు ఏడేండ్లు నా ఇంట్ల కిరాయికుండె. గామె ఆయన పెండ్లాం, గీ పిల్ల ఆయన బిడ్డ. ముగ్గురినీ ఎల్లగొట్టింది నేనే. నాకంటె ఎక్కువ ఎవలికెర్క?"

అధికారి ఆ రెండు రూపాయలను ఒక కవరులో పెట్టి, నాన్నకు బ్యాలెట్ కాగితం ఇప్పించాడు. మా అమ్మ పేరు పిలిచినప్పుడు, నా పేరు పిలిచినప్పుడు కొడుకు లేవలేదు. ముద్ర వేసి, కాగితం మడిచి డబ్బాలో వేశాను. ఆరోజుకు నా దగ్గర ఉన్న కోపానికి ఆనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

జీపు ఆయన ఓడిపోయాడు. ఎన్ని ఓట్ల తేడానో గుర్తు లేదు గానీ, మూడు ఓట్లతో మాత్రం కాదు. అన్నేళ్లూ ఆయన్ని ఎవరూ ఎదిరించింది లేదు. ఆరేళ్లకైనా మళ్లీ జనం ముందుకు వచ్చి నిలబడాల్సి వచ్చింది, అదొక్కటే ఆయనకు చుట్టుకుంది. జీపు అమ్మేశాడని విన్నాం.

తర్వాతి ఆదివారం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ పీట వేసి కాఫీ ఇచ్చింది. నాన్న కృతజ్ఞతగా ఏదో అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"సారూ, ఒక మాట జెప్పిపోదామని ఒచ్చిన. నేను ఆయనకే ఏసిన."

అమ్మ, నాన్న ముఖాలు చూసుకున్నారు. నేను ఊరుకోలేకపోయాను. "మరి అంతమందిలో మాకోసం ఎందుకు మాట్లాడావు పెద్దమ్మా?"

"పోరడు నా చెయ్యి దీస్కొని వాని నెత్తి మీదనే వెట్టుకున్నడు బిడ్డా. ఒక్కడే కొడుకు, ఒట్టెట్ల తప్పుత? ఆరేండ్లు వాన్ని తిప్పిచ్చి తిప్పిచ్చి ఆగం జేసినోనికి నా చేత్తోనే ఏసిన." కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నా ఓటు ఎట్లనో ఆయనకే పోతది. దాన్ని కొట్టేసెటోళ్లు ఉండాలె గద. మీరు ముగ్గురున్నరు."