రంగు చూశాకే

పేరయ్య బొటనవేలి గోటితో గులాబీ కొమ్మను గీకి చూశాడు. బెరడు కింద పచ్చగానే ఉంది. అయినా నమ్మలేదు. అంటు కట్టిన చోట నొక్కాడు, నల్ల కవరు తిప్పి వేళ్లు చూశాడు, మొక్కకు కట్టిన అట్టముక్కను ఎండకు పెట్టి చదివాడు.

"ఎర్ర గులాబీయే పెద్దాయనా, మూడుసార్లు చెప్పా," అన్నాడు మొక్కల వ్యానువాడు.

"చెప్పావులే. అదే బిల్లు మీద రాసియ్యి."

"మొక్కకి బిల్లేంటి! ఇదేమన్నా మిరప విత్తనమా?"

పేరయ్య జేబులోంచి పెన్ను తీసి అతని చేతికిచ్చాడు. నాలుగేళ్ల కిందట ఆయన మంచిదన్న మిరప విత్తనాన్నే పక్కింటి వెంకటేశ్వరమ్మ తన ఎకరంలో వేసింది. అది నకిలీ. మొక్కలు నడుమెత్తు పెరిగాయి గానీ కాయ పట్టలేదు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు వాకిట్లోకి ఎర్ర గులాబీ చూసి తెమ్మని మళ్లీ ఆయన్నే అడిగింది.

తెచ్చిన మొక్కను ఆమెకివ్వకుండా తన పెరట్లోనే కుండీలో నాటాడు. అంటు కింద మొలిచే నాటు చిగుళ్లను గిల్లేశాడు, రోజూ ఆకులు తిరగేసి పురుగు వెతికాడు.

"మొక్క తెమ్మంటే కాపలా కాస్తున్నావేంది అన్నయ్యా?" అని గోడవతల నుంచి ఆమె నవ్వేది.

"రంగు చూడనీయమ్మా."

ముప్పై ఎనిమిదో రోజు మొగ్గ విచ్చింది. ఎరుపే. రేకను తిరగేసి వెనక వైపు కూడా చూసుకుని, కుండీని రెండు చేతులా ఎత్తి గోడ మీదుగా ఆమెకు అందించాడు.