పక్క సీట్లోంచి వేసిన గేరు

ఆటోమేటిక్ కారు మంచిదా, గేర్ల కారు మంచిదా అని ఎవరైనా వాదిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పక్షవాతంతో మా ఆయన ఎడమ కాలు, చెయ్యి పడిపోయాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. క్లచ్ ఎంతకీ కుదరలేదు. ఆటోమేటిక్ కొందామని ఇద్దరం షోరూంకి వెళ్లాం.

నడిపి చూడమన్నారు. ఆయన నా పక్కన, సేల్స్‌మన్ వెనక సీట్లో కూర్చున్నారు. మడికొండ దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ మూలిగింది. ఇన్నేళ్లు బండి నడిపిన మనిషి కదా, ఎడమచెయ్యి లేవకపోయినా ఆయన కుడిచెయ్యి దానంతటదే గేర్ రాడ్‌ని ముందుకు తోసింది. బండి న్యూట్రల్‌లో పడి వెనక్కి జారసాగింది. వెనక లారీ! బ్రేక్ ఎలా తొక్కానో నాకే తెలియదు.

"జర చెయ్యి తియ్యుండ్రి సార్! అదే మార్చుకుంటది" అని సేల్స్‌మన్ అరిచాడు.

ఆయన చెయ్యి వెనక్కి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఇగ నాతోని ఏం పనున్నదే సరోజా" అన్నారు. మా బట్టల దుకాణంలో పదిమందికి పని చెప్పిన గొంతు అది.

"చేత్తో గేర్లు మార్చేది గూడ ఉన్నదా?" అని సేల్స్‌మన్‌ని అడిగాను. క్లచ్ లేకుండానే రెండు విధాలా నడిచేది ఉందన్నాడు. అదే కొన్నాం. ఎత్తు వచ్చినప్పుడల్లా "గేర్ ఎయ్యుండ్రి" అనేదాన్ని. ఆయన కుడిచేత్తో వేసి, మీసం దువ్వుకునేవారు.

పోయిన ఎండాకాలం ఆయన వెళ్లిపోయారు. ఇప్పుడు ఆటోమేటిక్‌లోనే నడుపుతున్నాను. మొన్న మడికొండ ఎత్తులో అలవాటుకొద్దీ "గేర్ ఎయ్యుండ్రి" అన్నాను.

ఎవరూ వెయ్యకుండానే బండి ఎత్తెక్కేసింది.

– సరోజ, హనుమకొండ