రాకుమారుడు అక్కర్లేని పాతాళం

మాయల కథలో ప్రేమ ఉండాలా వద్దా అని నన్నడిగితే, ఉండాల్సిన చోట ఉండనీ అంటాను. ప్రేమంటే నాకు గిట్టదని కాదు. నా మొదటి కథలో ఒక నెమలిరాజు చేపపిల్ల కోసం ఈకలన్నీ పీక్కుంటాడు. రాస్తూ నేనే ఏడ్చాను.

రెండో కథ వేరు. అందులో ఒక నేత ఊళ్లో నూలుకున్న రంగులన్నీ రాత్రికి రాత్రే మాయమవుతాయి. నలభై ఏళ్ల నేతగత్తె ఒకామె పాతాళానికి దిగి, రంగులు మింగిన భూతంతో కొట్లాడి వాటిని వెనక్కి తెస్తుంది. ఆమెకు మొగుడు లేడు, ప్రియుడు లేడు. నోరు మాత్రం ఉంది. ఆ నోరు మా మేనత్తది.

అత్తమ్మ పెళ్లి చేసుకోలేదు. కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న మా ఊళ్లో, తాత వదిలిపోయిన రెండు సాంచాలు తానే నడుపుకుంటూ బతికింది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. వయసులో ఉన్నప్పుడు తన అక్క కాన్పుకని బొగ్గుగనులున్న బెల్లంపల్లి పోయి మూడు నెలలుంది. తిరిగొచ్చాక వచ్చిన సంబంధమల్లా వద్దంది. ఇంకేం, ఊరు ఆమె కోసం ఒక బొగ్గుబాయి కార్మికుణ్ణి పుట్టించింది. అతను బెల్లంపల్లివాడని ఒకరు, కాదు శ్రీరాంపూర్ అని ఇంకొకరు. బాయిలో చనిపోయాడని కొందరు, అప్పటికే పెళ్లాంపిల్లలున్నారని కొందరు. అతన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మీసాలు ఎట్లా ఉండేవో మాత్రం అందరికీ తెలుసు.

ఫోన్లో చదువుకునే సీరియల్స్ వేసే ఒక యాప్‌కు ఈ కథ పంపాను. హైదరాబాద్ నుంచి ఎడిటర్ ఫోన్ చేశారు.

"బాగుందండీ. కానీ ఆవిడ పాతాళానికి ఎందుకు వెళ్తుంది?"

"రంగులు తేవడానికి."

"అది పని. ఆడమనిషి అంత దూరం వెళ్లాలంటే కారణం కావాలి కదా. అక్కడ ఒక రాకుమారుడు బందీగా ఉన్నాడనుకోండి. ఆవిడ ఒకప్పుడు ప్రేమించినవాడు. నాలుగు ఎపిసోడ్లు చాలు, వెంటనే తీసుకుంటాం."

ఒప్పుకున్నాను. దాచుకోవడమెందుకు, పదిమందీ నా కథ చదవాలని నాకు పదేళ్ల ఆకలి. వారం తిరక్కుండా రాకుమారుణ్ణి పాతాళంలో దింపాను. మంచి మీసాలు కూడా పెట్టాను.

రాసింది అత్తమ్మకు చదివి వినిపించడం నాకు అలవాటు. సాంచాలు నడుస్తుంటే మా వాడలో పక్కమనిషి మాట కూడా వినపడదు కాబట్టి, కరెంటు పోయినప్పుడే మాకు కథలు. ఒక మధ్యాహ్నం కరెంటు పోగానే ఆమె పక్కన కూర్చుని మొదలుపెట్టాను. భూతం దగ్గర పడీపడీ నవ్వింది. రాకుమారుడు రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా. గీడెవడు?"

"గామె ప్రేమించినాయిన అత్తమ్మా. ఆయిన కోసమే దిగింది."

"మొన్న సదివినప్పుడు లేకుండె గదా."

"ఎడిటర్ సారు పెట్టుమన్నడు. లేకపోతె జనం నమ్మరట."

అత్తమ్మ నా కళ్లలోకి చూసింది. "ఊరంత గలిసి నాకు లేనోన్ని అంటగట్టింది. ముప్పయ్యేండ్ల సంది ఎవ్వలు లేరంటే ఎవ్వలు నమ్మలే. నువ్వు సుత గదే పని జేస్తివా?"

అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. "మరి పెండ్లెందుకు చేసుకోలే?" అని అడిగాను.

"వద్దనిపిచ్చింది. గంతే. గది సాలదా?"

తల కొట్టేసినట్టయింది. ఊరిని తిట్టిపోసే నేను కూడా, లోపల ఎక్కడో, ఆ మీసాలవాణ్ణి నమ్ముతూనే ఉన్నానన్నమాట.

ఆ రోజే రాకుమారుణ్ణి తీసేశాను. కథ ఎక్కడా కుంటుపడలేదు. నెమలిరాజు కథలో ప్రేమను తీసేస్తే మిగిలేది ఈకలే. ఇక్కడ ఈయన ఉన్నా లేకున్నా ఆమె పాతాళానికి దిగేదే. మగవాడు ఏడు సముద్రాలు దాటితే సాహసమంటాం. ఆడది గడప దాటితే మాత్రం వెనకాల ఎవడున్నాడని వెతుకుతాం. ఇన్నాళ్లు ఊరు వెతికింది చాలదా? నా కథలో కూడా వెతకాలా?

ఎడిటర్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను.

"అయితే కష్టమండీ," అన్నారు.

"కష్టమైతే కానివ్వండి. రాకుమారుడు మాత్రం రాడు."

ఫోన్ పెట్టేశాక ఏడ్చాను, అది వేరే సంగతి. పోయింది చిన్న అవకాశమేం కాదు. అయినా ఈరోజు అడిగినా అదే చెబుతాను.

తర్వాత కరీంనగర్‌లో కొన్ని ప్రతులు జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించాను. మొదటిది అత్తమ్మకిచ్చాను. ఆమె దాన్ని వాకిట్లో కూర్చుని, అందరికీ కనపడేలా పట్టుకుని చదివింది. పక్కింటామె ఆగలేక వచ్చేసింది.

"అక్కా, నీ కోడలు నీ కథనే రాసిందట గదా. గాయిన ఏ పేజీల ఉన్నడక్కా?"

అత్తమ్మ పుస్తకం మూసి ఆమె చేతిలో పెట్టింది.

"మొత్తం సదువు. ఏడన్న దొరుకుతె నాకు సుత సూపియ్యి."