రెండో కొక్కెం

నా చిన్నప్పుడు దయ్యాల కథలు వినీ వినీ భయం చచ్చిపోయింది గానీ, మా మేనత్తగారి తాళ్ళు పేనే పాకలోకి పొద్దున్నే ఒంటరిగా వెళ్ళమంటే మాత్రం ససేమిరా అనేదాన్ని. రాజోలు దగ్గర కాలవ గట్టున ఉండేదది. నానిన కొబ్బరి పీచు వాసన, మంచు, మధ్యలో రాట్నం. ఒకరు చక్రం తిప్పుతుంటే, ఇంకొకరు ఒడిలో పీచు పెట్టుకుని, చక్రంతో పాటు తిరిగే కొక్కేనికి తగిలించి, వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనేవారు.

ఎన్నో ఏళ్ళు ఆ చక్రం తిప్పిన ముసలమ్మ ఒక ఏడు వానల్లో పోయింది. అప్పుడే తాళ్ళు కొనే షావుకారు, నెల తిరిగేసరికి రెట్టింపు తాడు ఇవ్వకపోతే వేరే పాక చూసుకుంటానన్నాడు. అత్తయ్యకి ఆ పాక తప్ప ఆధారం లేదు. నాకు అత్తయ్య తప్ప దిక్కు లేదు.

అక్కణ్ణించి మొదలైంది వింత. ఒకరోజు వెళ్ళి చూస్తే ఇరుసుకి నూనె గుడ్డ చుట్టి ఉంది. ఇంకోరోజు చక్రం పిడి జానెడు కిందికి దిగింది. మరోరోజు గుమ్మం దగ్గరి పీచు గంప రాట్నం పక్కకి వచ్చి కూర్చుంది. పని తేలికైన మాట నిజమే, కానీ పాకలో పనిచేసే ఆడవాళ్ళ మొహాల్లో నెత్తుటి చుక్క లేదు.

"ఆ పోయినావిడే వత్తన్నారండి, ఆయ్! రేపట్నించి మేం రామండి," అనేశారు.

వాళ్ళు వెళ్ళాక అత్తయ్య నన్ను దగ్గరికి తీసుకుని నవ్వింది. "ఓసి పిచ్చిదానా, అదంతా నేనేనే. చెప్పి మారిస్తే, 'మా అమ్మ ఇలా పేనలేదు' అంటారు వీళ్ళు. రోజుకొక్కటి మారిస్తే చేతులే అలవాటు పడతాయి."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు నన్నూ భయపెట్టిందని అలిగాను. సరే, రేపు అందరికీ చెప్పేద్దామంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. గాలి లేదు. చక్రం మెల్లగా తిరుగుతోంది. పాత కొక్కెం పక్కన రెండో కొక్కెం, దానికి మూరెడు కొత్త తాడు. నేల మీద ఒకే ఒక్క వరస అడుగుజాడలు, గుమ్మం నుంచి రాట్నం వైపుకి. తిరిగి వెళ్ళినవి లేవు. అత్తయ్య ఆ కొత్త కొక్కేన్ని తడిమి చూసింది.

"ఇది నేను పెట్టలేదే," అంది.

ఆడవాళ్ళని ఇళ్ళకెళ్ళి పిలుచుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. కొక్కెం పెట్టింది మాత్రం మేమేనని ఎవరూ అన్లేదు. చివరికి ఒకామె దండం పెట్టుకుని దానికి పీచు తగిలించింది. ఒక్క తిప్పుడుకి రెండు తాళ్ళు! గడువులోగా సరుకు వెళ్ళింది, పాక నిలబడింది.

వెనక్కి నడిచేవాళ్ళ అడుగులు వెళ్ళేటప్పుడు కూడా వచ్చినట్టే ఉంటాయని అత్తయ్య సర్దిచెప్పింది. మరి లోపలికి వచ్చినప్పటి అడుగులేవని నేనడిగాను. రాట్నం పిడి నిమురుతూ, "రోజూ మారే రాట్నం గనకే దాని మీద చెయ్యి వేశారు. కదలనిదాని జోలికి దయ్యం కూడా రాదే," అంది.

ఇప్పుడు అమలాపురంలో నాకు పీచుతో కాళ్ళు తుడుచుకునే పట్టాలు చేసే చిన్న కంపెనీ ఉంది. అందులో పనిచేసే కుర్రాళ్ళు ఏకంగా కొత్త యంత్రమే కనిపెట్టేద్దామంటారు. ముందు ఉన్నదాని పిడి సరిచెయ్యండర్రా, కొత్తది దాని వెనకాలే వస్తుందంటాను. రోజూ ఒక్క చిన్న మార్పు, అందరికీ చెప్పే చేస్తాను. అప్పుడప్పుడు ఎవరూ చెప్పని మార్పు ఒకటి కనిపిస్తుంది. బాగుంటే ఉంచేస్తాను, ఎవరని అడగను. ఆ రోజు నేల వంక మాత్రం చూడను.