లోపలే ఉండిపోయిన దొంగ

తొంభైల చివర్లో, డిగ్రీ చదివి పనిలేక తిరుగుతున్న రోజుల్లో, అచ్చంపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. దాన్ని నడిపే భాయ్, నేర్చుకునేవాళ్లు అన్నానికి పోయిన వేళ నన్ను ఆటాడుకోనిచ్చేవాడు. ఆటలో నేనో ఊరికి పెద్దను. ఇళ్లు కట్టాలి, చేలు పెంచాలి. ఉన్నట్టుండి అడవిలోంచి కాగడాలతో దొంగలు దిగుతారు. నాకేమో చేలంటే ఆశ. గోడ లేవకముందే వాగవతల కూడా దున్నేవాణ్ణి. పంట ఇంటికి రాకముందే అంతా బూడిద.

“అరె మియా, ఎన్ని చేన్లు జేస్తవ్? ముందుగాల జర గోడ పెట్టు,” అనేవాడు భాయ్.

“గోడ పెట్టుకుంట గూసుంటే తినుడేంది భాయ్, రాళ్లా?”

“తింటవ్ తియ్, దొంగలు తిన్నంక మిగిల్తే!”

ఈ రోగం నాకు మా నాయిన నుంచే వచ్చింది. అడవి అంచున మాకు పల్లిచేను ఉండేది. ఆ ఏడు దాన్ని ఆనుకుని ఉన్న బీడు కూడా దున్ని కంది వేశాడు. కంచె ఊసెత్తలేదు. కంది మనిషెత్తు లేచింది, పల్లి కాయ పట్టింది, అడవిపందులు దిగాయి. వచ్చినప్పుడల్లా నాలుగైదు సాళ్లు పెకిలించి పోయేవి. ఇంకో వారం అలా సాగితే మా ఏడాది తిండి వాటి కడుపులోనే. ఇద్దరం తుమ్మకంప కొట్టి, పల్లినీ కందినీ కలిపి చుట్టూ కంచె వేశాం. ఆఖరి సందు నేను బయటినుంచి మూశాను. నాయిన లోపలే ఉండి గడ్డి కోసుకుంటానన్నాడు. సాయంత్రం నేనొచ్చి కంప తీయాలి. ఆ కంచెలో తొండ దూరినా చొక్కా చింపుకోవాల్సిందే.

ఆ ఉత్సాహంతో అదే రోజు మధ్యాహ్నం సెంటర్‌కు పోయి ఆటలోనూ ఊరిచుట్టూ గోడ కట్టేశాను. అయినా ఇళ్లు ఒక్కొక్కటే అంటుకుంటున్నాయి. భాయ్ నా భుజం మీదుగా వంగి చూశాడు. గడ్డివాము వెనక చీమంత మనిషి, కాగడాతో, కదలకుండా నిలబడి ఉన్నాడు.

“దొంగను లోపట పెట్టి గోడ గట్టినవ్ గదా మియా!” అని పడీపడీ నవ్వాడు.

నేనూ నవ్వబోయి ఆగిపోయాను. పొద్దున సందు మూస్తున్నప్పుడు మట్టిలో అడుగులు చూసి పందివే అనుకున్నాను. అన్నీ లోపలికి పోయినవే.

సైకిలెక్కి ఊపిరాడకుండా తొక్కాను. చేను దగ్గర గాలి లేదు. పల్లి ఆకు కదలడం లేదు. కంది మాత్రం నడుమ ఒక్కచోట ఊగుతోంది. దానికి పది అడుగుల దూరంలో నాయిన, చేతిలో కొడవలి.

“నాయినా, ఇటు రా!”

“మెల్లగ, బిడ్డా. పొద్దటి సంది కందిలకెల్లి గది నా దిక్కే సూస్తాంది.”

“పందేనా?”

“పందైతే గుర్రుమనదా? దీనికి ఊపిరి సప్పుడు గూడ లేదు.”

వట్టి చేతులతో కంప లాగాను. నాయిన వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చాడు. సందు తెరిచే ఉంచి, దూరంగా ఒక బండరాయి ఎక్కి పొద్దు వాలేదాకా చూశాం. కంది ఊగడం ఆగింది. బయటికి ఏదీ రాలేదు.

సందు మూస్తే లోపల అది. తెరిచి ఉంచితే పందులు. నాయిన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“ఆశ మనదే ఎక్కువైంది. గా కంది దానికిడిసిపెడ్దాం. పల్లి దక్కితే సాలు.”

తెల్లవారి కంచె పీకి, పల్లి వరకే దగ్గరకు జరిపి వేశాం. కంది బయట పడింది. ఆ తర్వాత మా చేనులో ఒక్క మొక్క పోలేదు.

పల్లి పీకి బండికెత్తిన రోజు, కందిలోకి తొంగిచూశాను. మొదటి సాలులోనే పల్లికాయల పొట్టు కుప్పగా పోసి ఉంది. పచ్చిది, ఇంకా తడి ఆరనిది. పంది నమిలినట్టు లేదు, గోళ్లతో ఒలిచినట్టుంది. చుట్టుపక్కల మాది తప్ప పల్లిచేను లేదు. మా కంచె ఎక్కడా తెగలేదు, మొక్కా పోలేదు.

“గివి ఎవరి పల్లీలు నాయినా?”

“బండి తోలు,” అన్నాడు నాయిన, అటు చూడకుండా.