గుమ్మం మీది ఎర్ర అంకె

మా అమ్మను సర్కారువాళ్ళు తీసుకుపోకుండా ఏడేళ్ళ వయసులో ఒంటిచేత్తో ఆపినవాణ్ణి నేను. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మనవరాలు స్కూలు ప్రాజెక్టుకు అట్ట మీద లక్సెంబర్గ్ పటం గీస్తుంటే ఆ సంగతి చెప్పాను.

"చాలా చిన్న కంట్రీ తాతా. కానీ త్రీ లాంగ్వేజెస్! ఇంట్లో ఒకటి, ఫస్ట్ గ్రేడ్‌లో ఒకటి, గవర్నమెంట్ రూల్స్ రాయడానికి ఇంకొకటి," అంటూ పటం పక్కన ఎర్ర మార్కర్‌తో మూడు అంకె వేసింది.

ఆ ఎర్ర అంకె చూడగానే మా పాత ఇంటి తలుపు గుర్తొచ్చింది.

మాది కన్నడ సరిహద్దు ఊరు. భాషను బట్టి రాష్ట్రాన్ని విడగొడతారని పెద్దలు అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు. ఒక మధ్యాహ్నం జనాభా లెక్కలాయన మా తలుపు మీద ఎర్రమట్టితో అంకె వేసి, "ఇంట్లో ఎవరిది ఏ భాష?" అన్నాడు. అమ్మది కన్నడం. ఎదురింటి తలుపు మీదా అదే ఎరుపు. అంకె పడిన ఇళ్ళలోంచి వేరే భాషవాళ్ళను బండెక్కిస్తారనుకున్నాను.

కర్ర పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డానని మనవరాలికి చెప్పాను. కర్ర లేదు. అమ్మ కొంగు పట్టుకుని, "తెలుగని చెప్పమ్మా" అని ఏడ్చానంతే. అమ్మ నా మొహం చూసి తెలుగనే చెప్పింది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

"ఎట్లయితేనేం, అమ్మ మనకు దక్కింది," అన్నాను.

అనంతపురం నుంచి స్పీకర్‌ఫోన్‌లో వింటున్న మా అక్క ఊరుకోలేదు.

"ఏం దక్కిందిరా? నువ్వు మళ్ళీ ఏడుస్తావని ఆ పొద్దు నుంచి అమ్మ కన్నడంలో నోరెత్తలేదు. ఉయ్యాల్లో చెల్లెలికి పాడే పాట గూడా మానేసింది."